వెచ్చని ఇల్లు, చల్లని ఇల్లు

ఇంగ్లాండు పల్లెలలోని చిన్న చిన్న ఇళ్ళ చిత్రాలు ఇప్పుడు మన కుటుంబాల ఫోనులలో తరచుగా కనిపిస్తున్నాయి. గడ్డి కప్పిన వాలు కప్పు, చిన్న గళ్ళ కిటికీ, గుమ్మం మీదికి పాకిన గులాబీ తీగ, లోపల పూలగుడ్డ తొడిగిన కుర్చీ, రాతి పొయ్యిలో మంట. ఆ చిత్రం చూసినవారి మనసు ఒక్క క్షణం నెమ్మదిస్తుంది. 2020లో కరోనా మూలంగా లోకమంతా ఇళ్ళకు పరిమితమైనప్పుడు ఈ జీవన శైలికి ‘కాటేజ్‌కోర్’ అన్న పేరుతో విశేష ప్రచారం లభించినది. కొత్తగా కాపురం పెట్టుకుంటున్న మన అమ్మాయిలు కొందరు మా ఇంటివారి ద్వారా మమ్మల్ని ఒక మాట అడిగించారు. ఇంటిని ఈ విధంగా తీర్చుకోవాలనుకోవడం సమంజసమేనా, లేక అది ఆడంబరం కిందికి వస్తుందా అని.

ప్రశ్న మంచిది. ఇంటిని అందంగా ఉంచుకోవాలన్న కోరికలో దోషమేమీ లేదు. అరబీ చదువు మొదలుపెట్టిన పిల్లవాడికి మేము తొలి పాఠాలలోనే ‘సుకూన్’ అన్న గుర్తును నేర్పుతాము. ఆ అక్షరానికి అచ్చు చేరలేదని, పలుకు అక్కడ నిలిచినదని తెలిపే చిన్న సున్న అది. నివాసానికి వాడే ‘మస్కన్’ అన్న మాట కూడా అదే ధాతువు నుండి పుట్టినది. అంటే కదలిక తగ్గి, నిలుకడ దొరికే చోటు ఇల్లు. ఆ కాటేజీ చిత్రంలో మన పిల్లలను లాగుతున్నది ఈ నిలుకడేనని మా అభిప్రాయం. అయితే అది పూలగుడ్డలో ఉన్నదా, గడ్డికప్పులో ఉన్నదా, మరెక్కడైనా ఉన్నదా అన్నది విచారించదగిన విషయం. అందుకు ముందుగా ఆ ఇల్లు ఎవరిదో తెలుసుకోవాలి.

ఆ ఇల్లు ఎవరిది?

కాటేజీ అంటే నేడు విహారానికి వెళ్ళినవారు దిగే విడిది అన్న అర్థం స్థిరపడినది. మొదట అది పేదకూలీ ఇల్లు. 1086లో విలియం రాజు ఇంగ్లాండు భూముల లెక్కలు తీయించి రాయించిన డూమ్స్‌డే గ్రంథంలో ‘కాటర్లు’ అన్న వర్గం కనిపిస్తుంది. ఒక గుడిసె, దాని చుట్టూ కాస్త పెరడు తప్ప చెప్పుకోదగిన భూమి లేనివారు వారు. ప్రభువుల పొలాలలో పనిచేసి పొట్ట పోసుకునేవారు. 1589లో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో చేసిన ఒక చట్టం, కొత్తగా కాటేజీ కట్టాలంటే దానికి కనీసం 4 ఎకరాల భూమి జతచేయాలని, ఒక కాటేజీలో ఒకే కుటుంబం ఉండాలని శాసించినది. నాలుగెకరాలు లేనివాడికే కదా గుడిసె అవసరం! ఆ చట్టం 1775లో గాని రద్దు కాలేదు.

దూరం నుండి సామగ్రి తెప్పించుకునే స్తోమత ఆ కూలీకి లేదు. కాబట్టి కాలి కింద ఏది దొరికితే అదే గోడ అయినది. డెవన్ ప్రాంతంలో మట్టి, గడ్డి, నీరు కలిపి తొక్కి వరుసలు వరుసలుగా పెట్టిన గోడ. కాట్స్‌వల్డ్స్ కొండలలో తేనెరంగు సున్నపురాయి. నార్ఫోక్‌లో చెకుముకి రాయి. ఓక్ కలప అందుబాటులో ఉన్నచోట కలప చట్రం, దాని నడుమ పుల్లలతో అల్లిన తడిక, తడికమీద మట్టి, పేడ, గడ్డి కలిపిన పూత. మన పల్లెలలో మట్టిగోడ పెట్టినవారికి, తడిక అల్లి మెత్తినవారికి ఈ పనిలో కొత్తదనమేమీ కనిపించదు.

కప్పు విషయమూ అంతే. గోధుమ గడ్డినో, చిత్తడి నేలల రెల్లునో దట్టంగా పరచి, వాననీరు నిలవకుండా సుమారు 50 డిగ్రీల వాలు పెట్టేవారు. చూరును గోడకు బాగా బయటికి తెచ్చేవారు. మనకు ముచ్చటగా తోచే ఆ వంగిన చూరు, మట్టిగోడ వానకు కరిగిపోకుండా పట్టిన గొడుగు. కిటికీలు చిన్నవి కావడానికి కారణం అద్దం ఖరీదు కావడం, చలిగాలి లోపలికి రావడం. ఆ దేశంలో 1696 నుండి 1851 వరకు కిటికీలను లెక్కించి పన్ను వసూలు చేసిన కాలం కూడా గడిచినది. కన్నుకు అందంగా కనిపించే ప్రతి వంపు వెనుక ఒక అవసరం, ఒక లేమి ఉన్నవి.

పొయ్యి చుట్టూ కూర్చున్నవారు

ఎసెక్స్ ప్రాంతంలోని రాడ్‌వింటర్ అన్న గ్రామంలో విలియం హారిసన్ అనే క్రైస్తవ మతగురువు ఉండేవారు. 1577లో వెలువడిన తన ఇంగ్లాండు వర్ణనలో ఆయన తమ ఊరి వృద్ధుల మాటలను నమోదు చేశారు. తమ జీవితకాలంలో మూడు విషయాలు బాగా మారినవని ఆ వృద్ధులు చెప్పారట. మొదటిది పొగగొట్టాలు పెరగడం. వారి చిన్ననాట ఊరికి రెండో మూడో ఉండేవి. తక్కిన ఇళ్ళలో నడిమింట మంట పెట్టుకుని, ఆ పొగలోనే బతికేవారు. రెండవది పడక. పూర్వం గడ్డిపరుపు మీద పడుకుని, తలకింద దిండుకు బదులు కొయ్యదుంగ పెట్టుకునేవారు. దిండు అన్నది బాలింతలకు మాత్రమే తగినదని భావించేవారు. మూడవది పాత్రలు. కొయ్య పళ్ళాలు పోయి తగరపు పళ్ళాలు వచ్చినవి.

పాఠకులు ఈ మూడింటినీ ఒక్కసారి మనసులో నిలుపుకోవాలని మా మనవి. నేడు మనం ‘హాయి’ అని పిలిచే మెత్తని దిండ్లు, దుప్పట్లు ఆ ఇళ్ళకు చాలా ఆలస్యంగా వచ్చినవి. అంతకు ముందు అక్కడ ఉన్నది మంట ఒక్కటే. పొగగొట్టం వచ్చిన తర్వాత పొయ్యి గోడవైపుకు జరిగినది. దాని పక్కనే మనుషులు కూర్చునేంత గూడు ఏర్పడినది. ముసలివారికి, పసివారికి ఆ గూటిలో చోటు ఇచ్చేవారు. కట్టెలు సులభంగా దొరికేవి కావు. పైగా 1662 నుండి 1689 వరకు ఒక్కొక్క పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగుల పన్ను ఉండేది. నిరుపేదలను దాని నుండి మినహాయించినా, వారికి రెండవ పొయ్యి అన్న ఊహ కూడా ఉండేది కాదు. కనుక ఇంటికి ఒకే మంట. వంట అక్కడే, ఉన్ని వడకడం అక్కడే, చిరిగిన బట్టకు అతుకు వేయడం అక్కడే, పెద్దల కబుర్లు, పిల్లల నిద్ర అక్కడే. వంట చేసే ఇల్లాలు ఇంటి నడుమ ఉండేది, ఇల్లంతా ఆమె చుట్టూ ఉండేది. ఆ ఇంటి వెచ్చదనమన్నది ముందుగా ఇదే.

పెరడు కూడా పూలకోసం పుట్టినది కాదు. క్యాబేజీ, చిక్కుడు, ఉల్లి, మందుమూలికలు పెంచిన మడుల అంచులలో మిగిలిన జానెడు చోటున పూలమొక్కలు లేచినవి. 1821, 1822 సంవత్సరాలలో విలియం కాబెట్ ‘కాటేజ్ ఎకానమీ’ అన్న పుస్తకాన్ని భాగాలుగా ప్రచురించి, పేద కుటుంబం రొట్టెను ఇంట్లోనే కాల్చుకోవడం, ఆవును మేపుకోవడం మొదలైన పనులను వివరించారు. అందులో మనకు నిషిద్ధమైన వస్తువుల తయారీ కూడా ఉన్నది, దానిని పక్కన పెడదాము. దుకాణం మీద ఆధారపడడం తగ్గేకొద్దీ పేదవాడి తల ఎత్తుకుంటుందన్నది ఆయన వాదన. పుస్తకం పేరులో కాటేజీ ఉన్నది గాని, అందులోని ఆలోచన అంతా పొదుపు గురించినదే.

చిత్రంలో కనిపించనివి

ఈ ఇళ్ళను పొగిడేటప్పుడు మరొక సంగతిని దాచకూడదు. ఊరుమ్మడి బీళ్ళకు కంచెలు వేసి పెద్ద భూస్వాములకు అప్పగించే చట్టాలు 18, 19 శతాబ్దాలలో వేల సంఖ్యలో వచ్చినవి. పశువును మేపుకునే చోటు, పుల్లలు ఏరుకునే చోటు పోగొట్టుకుని కాటేజీవాసి పూర్తిగా దినకూలీ అయినాడు. డార్సెట్ ప్రాంతంలోని టాల్‌పడల్ గ్రామంలో కూలి తగ్గుతూ వారానికి 7 షిల్లింగులకు దిగినది, 6కు దించుతామని యజమానులు బెదిరించారు. కూలీలు ఒక కాటేజీ మేడగదిలో రహస్యంగా సమావేశమై సంఘం పెట్టుకున్నారు. రహస్య ప్రమాణం చేయించారన్న నేరం మోపి 1834లో వారిలో ఆరుగురిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపించారు. దేశమంతటా నిరసన లేచిన తర్వాత వారికి క్షమాభిక్ష లభించినది. ఆ కాటేజీ ఇప్పటికీ ఉన్నది. దాని గుమ్మం ముందు నిలిచి చిత్రం తీసుకునేవారు ఆ మేడగదిలో కూర్చున్నవారి ఆకలిని కూడా తలచుకోవాలి.

రైలు మార్గాలు వచ్చి నగరవాసులు పల్లెలకు రావడం మొదలైన తర్వాత కాటేజీకి అందమైన పేరు వచ్చినది. సర్రీ ప్రాంతంలో హెలెన్ ఆలింగమ్ (1848–1926) అన్న చిత్రకారిణి పాత ఇళ్ళు కూలకముందే, రూపు మారకముందే వాటిని నీటిరంగులలో చిత్రించారు. ఆ చిత్రాలలో గుమ్మం ముందు బిడ్డను ఎత్తుకున్న తల్లి ఉంటుంది, పూలు ఉంటాయి. గోడల చెమ్మ, లోపలి ఇరుకు ఉండవు. నేడు ఫోనులలో తిరుగుతున్న చిత్రాలు ఆ సంప్రదాయానికే వారసులు.

ఆ పాత ఇళ్ళను కాపాడినవారూ ఉన్నారు. పురాతన కట్టడాల రక్షణకు విలియం మోరిస్ 1877లో ఒక సంఘాన్ని స్థాపించారు. 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ మరుసటి ఏడాది ఆల్‌ఫ్రిస్టన్ గ్రామంలోని ఒక గడ్డికప్పు ఇంటిని 10 పౌండ్లకు కొన్నది. అది ఆ సంస్థ కొన్న మొదటి కట్టడం. ఇటువంటి ఇళ్ళను బాగుచేసేవారు నేర్చుకున్న పాఠం ఒకటి మనకూ పనికివచ్చేదే. పాత మట్టిగోడకు సున్నపు పూత ఉంటే గోడలోని చెమ్మ బయటికి పోతుంది. అందంగా, గట్టిగా ఉండాలని సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, గోడ క్రమంగా మెత్తబడి, ఒక్కొక్కసారి కూలిపోతుంది. పైకి కనిపించే రూపం మీద మోజుతో లోపలి స్వభావాన్ని మరచినచోట ఇటువంటి నష్టమే కలుగుతుంది.

మన తీరం నుండి వెళ్ళిన పూలు

ఆ కుర్చీల మీద, తెరల మీద కనిపించే పూలగుడ్డను ఆంగ్లేయులు ‘చింట్జ్’ అంటారు. అది మన దేశపు ‘ఛీంట్’ అన్న మాట. ఆ గుడ్డకు పేరు తెచ్చిన రేవులలో మచిలీపట్నం ఒకటి. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న ఆ రేవులో ఇంగ్లీషువారు 1611లో వర్తకశాల తెరిచారు. మన పనివారు పటికతో గుడ్డను సిద్ధం చేసి, చిరివేరు నుండి తీసిన ఎరుపును ఎక్కించేవారు. ఉతికినా వెలిసిపోని ఆ రంగులను చూసి ఐరోపా విస్తుపోయినది. మొదట ఆ గుడ్డ ధనికుల పడకలకు, గోడలకు చేరినది. తమ ఉన్నికి, పట్టుకు గిరాకీ తగ్గుతున్నదని అక్కడి నేతపనివారు ఆందోళనకు దిగారు. 1719లో లండన్ వీధులలో పూలగుడ్డ ధరించిన స్త్రీల మీద దాడులు కూడా జరిగినవి. 1700లో ఒక చట్టం దిగుమతిని అరికట్టినది, 1721లో మరొక చట్టం వాడకాన్నే నిషేధించినది. 1774లో ఆ నిషేధం సడలించేనాటికి ఆంగ్లేయులు తామే అచ్చు వేయడం నేర్చుకున్నారు. 1783లో రోలరు అచ్చుయంత్రానికి పేటెంటు లభించినది. ఆపైన చౌకగుడ్డ పేదల కాటేజీల దాకా వెళ్ళినది. అదే మరమగ్గపు సరుకు మన దేశానికి తిరిగివచ్చి, మన నేతగాళ్ళ, అద్దకంవారి నోటిదగ్గరి కూడు తీసివేసినది.

కాబట్టి ‘ఇంగ్లీషు కాటేజీ పువ్వు’ అని మన అమ్మాయిలు వెల చెల్లించి తెప్పించుకుంటున్న దానికి ఒక పుట్టిల్లు కృష్ణా తీరమే. పెడనలో నేటికీ కొయ్య అచ్చులతో కలంకారీ అద్దకం సాగుతున్నది. తెర కావాలనుకున్నవారు అక్కడి గుడ్డను కొంటే ఒక పనివాడి పొయ్యి వెలుగుతుంది. పూలగుడ్డల మోజు మాత్రం నిలకడైనది కాదని గుర్తుంచుకోవాలి. 1996లో ఐకియా అన్న గృహోపకరణాల సంస్థ, ఇంట్లోని చింట్జ్‌ను బయట పారవేయమని బ్రిటన్ ప్రజలకు ప్రకటనలలో పిలుపునిచ్చినది. పారవేయమన్న ఆ పూలే నేడు మళ్ళీ వచ్చినవి.

దీపం లేని కిటికీలు

ఈనాడు ఆ కాటేజీలు ఎవరి చేతులలో ఉన్నవి? కార్న్‌వాల్ తీరంలోను, లేక్ డిస్ట్రిక్ట్‌లోను, కాట్స్‌వల్డ్స్‌లోను చాలా ఇళ్ళు నగరాల ధనికులకు రెండవ ఇళ్ళుగాను, అద్దె విడుదులుగాను మారినవి. ఆ ఊరిలోనే పుట్టి, అక్కడే పనిచేసే యువకులకు అక్కడ ఇల్లు కొనే శక్తి లేకపోయినది. కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ పట్టణంలో 2016లో ప్రజాభిప్రాయం సేకరించగా, ఇకపై కట్టే కొత్త ఇళ్ళు అక్కడ నిత్యం నివసించేవారికే చెందాలన్న నిబంధనకు ఓటు వేసినవారిలో 80 శాతానికి పైగా మద్దతు పలికారు. 2025 ఏప్రిల్ నుండి ఇంగ్లాండులోని స్థానిక సంస్థలు రెండవ ఇంటి మీద పన్నును రెట్టింపు చేసే అధికారం పొందినవి. శీతకాలంలో ఇటువంటి ఊళ్ళలో వరుసగా దీపంలేని కిటికీలు కనిపిస్తాయి. పొయ్యి ఉన్నది, దిండ్లు ఉన్నవి, పూలగుడ్డ ఉన్నది. కూర్చునేవారు లేరు.

దీనిని దూరదేశపు వింతగా భావించవద్దని మా సోదర సోదరీమణులకు మనవి. వాయిదాల మీద సోఫా కొని, అది మాసిపోతుందని పిల్లలను దాని మీద కూర్చోనివ్వని ఇళ్ళు మన మధ్య కూడా ఉన్నవి. అతిథుల కోసం అలంకరించిన గదికి తాళం వేసి, ఇంటిల్లిపాది ఇరుకు గదిలో మసలే కుటుంబాలున్నవి. వడ్డీకి అప్పు తెచ్చి తీర్చిదిద్దిన గోడల నడుమ ఏ హృదయానికి నిలుకడ దొరుకుతుంది?

మన ఇంటికి ఏది తగును?

ఆంగ్లేయులు ఆదరణను వెచ్చదనంతో పోలుస్తారు. వారి చలికి అది సహజం. మన పెద్దలు దీవించేటప్పుడు ‘చల్లగా ఉండండి’ అంటారు. రెంటచింతల, రామగుండం ఎండలను భరించే నేలమీద పుట్టిన దీవెన అది. కాబట్టి వారి ఇంటి వివేకాన్ని గ్రహించదలచినవారు వారి వస్తువులను దింపుకోనక్కరలేదు. వారు తమ చలికి జవాబుగా ఇల్లు కట్టుకున్నారు, మనం మన ఎండకు జవాబుగా కట్టుకోవాలి. మందమైన తెరలు, ఉన్ని తివాచీలు, గోడకు అతికించిన ఉత్తుత్తి పొయ్యి మన ఇంటిలో దుమ్మును, ఉక్కను పెంచుతాయి. ఎదురెదురు కిటికీలు, పడమటి ఎండను ఆపే వట్టివేళ్ళ తడిక, మూలన మట్టికూజా, వీలుంటే వాకిట వేపచెట్టు మనకు తగిన అలంకారాలు. పెరడు ఉన్నవారు కరివేప, మునగ, గోరింట వేసుకోవచ్చును. అపార్టుమెంటులో ఉన్నవారికి బాల్కనీలో రెండు కుండీల పుదీనా, ఒక మల్లెతీగ చాలును. పాత చీరలతో, దుపట్టాలతో మన నానమ్మలు కుట్టిన బొంత ఏ దుకాణపు దుప్పటికీ తీసిపోదు.

ఆ ఒక్క మంటకు బదులుగా మనకు దస్తర్‌ఖాన్ ఉన్నది. నేలమీద పరచిన ఆ ఒక్క గుడ్డ చుట్టూ రోజుకు ఒక్క పూటైనా ఇంటిల్లిపాది కూర్చోవాలి. ఫోనులు మరొక గదిలో ఉండాలి. ఇంట్లోని వృద్ధులకు గాలి బాగా వచ్చే చోటు కేటాయించాలి. ఆ గూటిలో ముసలివారికి ఇచ్చినది అటువంటి చోటే.

చివరగా ఒక మాట. ఆ కాటేజీలో వంట చేసే మనిషి కుటుంబం నడుమ ఉండేది. మన ఇళ్ళలో అన్నిటికన్నా వేడి గది వంటగది, అన్నిటికన్నా చిన్న గది కూడా అదే. మే నెల మధ్యాహ్నం కుటుంబమంతా పంకా కింద ఉండగా, ఇల్లాలు ఒక్కతే గోడవైపు తిరిగి నిలబడి చెమటలో రొట్టెలు కాలుస్తుంది. ఇంటి హాయికోసం మీరు దాచుకున్న సొమ్మును ముందుగా అక్కడ వెచ్చించండి. పొగను బయటికి పంపే పంకా ఒకటి, గాలి వచ్చే కిటికీ ఒకటి, కూరలు తరుగుతూ కూర్చోవడానికి పీట ఒకటి ఏర్పాటు చేయండి. మరొక పీట కూడా వేయండి. కూర తరిగేందుకు కొడుకునో, భర్తనో అక్కడ కూర్చోబెట్టండి. పూల తెర ఆ తర్వాత కొనుక్కోవచ్చును.